కోయని సూది

అమ్మకు,

నీ పెద్దది నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ మేము కులాసా. అక్కడ నువ్వు, చిన్నోడు, మరదలు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఉత్తరమన్నాక ముందు ఈ మాట పడాలి కాబట్టి రాసేశాను. మా కులాసాలో కాస్త తరుగు ఉంది, అదేమిటో నెమ్మదిగా చెబుతాను. కంగారుపడి చివరి పేజీ ముందు చదవకు. చదువుతావని నాకు తెలుసు, అయినా చెప్పడం నా ధర్మం.

నీ ఉత్తరం అందింది. ఇవన్నీ ఫోన్‌లో చెప్పొచ్చు కానీ నీకు సగం వినిపించదు, మిగతా సగం నువ్వే అల్లుకుంటావు. మొన్న నేను "మీటింగ్‌లో ఉన్నానమ్మా" అంటే "మెట్ల మీద ఏం చేస్తున్నావే, జారిపడతావు" అన్నావు. ఆ రోజు మా ఆఫీసంతా నవ్వింది. ఉత్తరమైతే నువ్వు కళ్ళద్దాలు పెట్టుకుని, రెండుసార్లు చదివి, మూడోసారి తప్పులు పడతావు. అదే నయం.

నువ్వు అడిగినవాటికి జవాబులు. మీ అల్లుడు వేళకు తింటున్నాడా అన్నావు. తింటున్నాడు, నేను వదిలేసింది కూడా. మేడ మీది ట్యాంకు కారడం ఆగిందా అన్నావు. ఆగింది, ఇప్పుడు కింద పైపు కారుతోంది. పోయిన ఉత్తరంలో అక్షరాలు ఎందుకు కొండెక్కాయి, పడుకుని రాశావా అన్నావు. దానికి జవాబు ఉంది, కాస్త ఆగు. ఇక పద్నాలుగో నంబరు సూదులు. "మీ కంపెనీ సూదులు భలే నడుస్తున్నాయి, ఇక్కడి టైలర్లందరికీ మా అమ్మాయి చేసినవని చెప్పాను, ఇంకో రెండు ప్యాకెట్లు పంపు" అని రాశావు. అమ్మా, ఆ సూదుల దగ్గర ఒక తిరకాసు ఉంది. అదీ చెబుతాను.

ముందు నీ మోకాళ్ళ సంగతి. చిన్నోడు అంతా చెప్పాడు. ఇన్నేళ్ళు మిషన్ తొక్కి తొక్కి రెండూ అరిగిపోయాయని, ఆపరేషన్ తప్పదని డాక్టర్ అన్నాడట. నీకున్న ఆయాసానికి పూర్తిగా నిద్రపుచ్చే మత్తు మంచిది కాదు, వెన్నులో సూది వేసి నడుము కింద మొద్దుబారేలా చేస్తామన్నాడట. నువ్వు "మోకాళ్ళు అరిగితే అరగనీ, వెన్నులో సూది మాత్రం వద్దు" అని చెప్పులేసుకుని వచ్చేశావట. ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తున్నావని, మిషన్ మీద దుప్పటి కప్పేశావని వాడు చెబుతుంటే నాకు అన్నం సహించలేదు. నీ మిషన్ మీద దుప్పటి కప్పి ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు.

సూదంటే భయమని రాసి ఉంటే నేనిలా నాలుగు పేజీల ఉత్తరానికి కూర్చునేదాన్ని కాదు. నువ్వు రాసింది వేరు. "చిన్నోడప్పుడు వచ్చిన తలనొప్పిలో మీ నానమ్మ అన్నట్టు కొంత నా బద్ధకమే కావచ్చు. అప్పుడంటే వయసులో ఉన్నాను, మాట పడ్డాను. ఇప్పుడు కోడలి ముందు ఆ మాట పడలేను" అన్నావు. ఆ వాక్యం చదివిన దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు. ఇన్నేళ్ళూ నువ్వు అలా అనుకుంటున్నావా అమ్మా?

ఆ రోజులు నాకు బాగా గుర్తు. చిన్నోడు అడ్డం తిరిగాడని నీకు వెన్నులో సూది వేసి, కోసి తీశారు. కడుపులోనే అడ్డం తిరిగావు కదరా అని వాడు ఇప్పటికీ తిట్లు తింటుంటాడు. ఆస్పత్రి నుంచి నువ్వు నడిచే లోపలికి వచ్చావు. కుర్చీలో కూర్చున్నావు, కూర్చున్న కాసేపటికే రెండు చేతులతో తల పట్టుకున్నావు. నాన్న ముందుగదిలో మిషన్ పక్కన పరుపు వేసి పడుకోబెట్టాడు. నీ మొహం తేటపడింది. "ఏం లేదు, తగ్గిపోయింది" అని లేచావు. లేచి నిలబడేసరికి మళ్ళీ మొదలు.

వచ్చిన చిక్కంతా అదే కదా. జ్వరమైతే ఒళ్ళు కాలుతుంది, దెబ్బయితే కంటికి కనిపిస్తుంది. పడుకుంటే పోయి లేస్తే వచ్చే నొప్పిని ఎవరు నమ్ముతారు? నానమ్మ అసలు నమ్మలేదు. "పడుకున్నంతసేపూ పిల్లలతో నవ్వుతూనే ఉంటుంది, అంట్లు కనబడగానే తల పగిలిపోతుంది. ఇదేం నొప్పమ్మా, ఇలాంటిది నాకూ ఒకటి ఇప్పించండి" అని చూడవచ్చిన ప్రతివాళ్ళతోనూ అనేది. వాళ్ళు నవ్వేవాళ్ళు. నువ్వు గోడవైపు తిరిగేదానివి. నానమ్మ చెడ్డదని కాదు. చిన్నోడి స్నానం, నా జడలు, వంట, బట్టలు, అన్నీ తనే చేసింది, నడుం పట్టుకుని. చేసినంత చాకిరీకి ఎవరో ఒకరిని ఆడిపోసుకోవాలి కదా. నాన్న మాత్రం ఒక్క మాట అనలేదు. నీ వైపునా అనలేదు. నీకు అదే ఎక్కువ తగిలిందని నాకు పెళ్ళయ్యాక గానీ అర్థం కాలేదు.

వెలుతురు పడితే కళ్ళు లాగుతున్నాయని నువ్వంటే, నాన్న కిటికీకి యూనిఫాం గుడ్డ అడ్డంగా మేకులు కొట్టి బిగించాడు. నీలం గుడ్డ. గదంతా నీలంగా ఉండేది. నీ మొహం, తమ్ముడి మొహం, దుప్పటి, గోడ మీద క్యాలెండరు, అన్నీ నీలం. బడి నుంచి వచ్చి చెప్పులు విప్పి ఆ గదిలోకి అడుగుపెడితే నీళ్ళలోకి దిగినట్టు ఉండేది నాకు.

ఇప్పుడు ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోకు. నా చిన్నతనంలో అన్నిటికన్నా మంచి రోజులు అవే. నీకు నరకం, నాకు పండగ. అంతకుముందు నాకు అమ్మంటే వీపు. బడికి వెళ్ళేటప్పుడు మిషన్ మీదికి వంగిన వీపు, వచ్చేటప్పుడూ అదే వీపు. ఏదైనా అడిగితే నోట్లో గుండుసూదులు పెట్టుకుని "ఊఁ" అనేదానివి. ఆ "ఊఁ"కి సరే అనో వద్దు అనో నేనే అర్థం చెప్పుకోవాలి. అలాంటిది నువ్వు వెల్లకిలా పడుకున్నావు. చేతులు ఖాళీగా ఉన్నాయి. నోట్లో సూదులు లేవు. ఒక పక్క తమ్ముడు, ఒక పక్క నేను. నువ్వు చిన్నప్పుడు లెక్కల మాస్టారి గొడుగు దాచి, వానలో ఆయన వెనకే తడుస్తూ ఇంటిదాకా వెళ్ళి ఇచ్చేసి వచ్చిన సంగతి అప్పుడే చెప్పావు. నాకు మిషన్ నేర్పింది కూడా పడుకునే. ఆస్పత్రి వాళ్ళకి ఇవ్వాల్సిన దిండు గలీబులు మిగిలిపోయాయి కదా, కాళ్ళందక స్టూలు అంచున కూర్చుని నేను తొక్కుతుంటే, నువ్వు కళ్ళు మూసుకుని చప్పుడు బట్టి తప్పు పట్టేదానివి. "దారం వదులైంది, ఆపు." "మూల తిరిగేటప్పుడు సూది గుడ్డలోనే ఉండాలి, ఎత్తకు." "గుడ్డని లాగకే, దారి చూపించు, అదే వస్తుంది." నేను కుట్టిన మొదటి గలీబు మూడు వైపులా కాక నాలుగు వైపులా కుట్టేశాను. నువ్వు తల పట్టుకుని మరీ నవ్వావు. "నవ్వించకే, నవ్వితే లాగుతోంది" అన్నావు. అయినా నవ్వావు.

తర్వాత ఒక పొద్దున నువ్వు లేచి కూర్చున్నావు, తల నొప్పి రాలేదు. అంతే, మిషన్ ఎక్కావు. వారం తిరక్కుండా కిటికీ గుడ్డ కూడా ఊడదీసి నిక్కర్లు కుట్టేశావు. నాకు మళ్ళీ వీపు మిగిలింది. ఇంట్లో ఆ తలనొప్పి మాట ఎవరూ ఎత్తలేదు, నానమ్మ తప్ప. ఎవరైనా పనికి వెనకాడితే "మా కోడలి తలనొప్పి వచ్చిందా?" అనేది. చివరికి నువ్వు కూడా ఆ మాటకి నవ్వడం నేర్చుకున్నావు. నవ్వి నవ్వి నమ్మేశావు కాబోలు.

సరే, సూదుల తిరకాసు. నాకు సూదుల కంపెనీలో ఉద్యోగం వచ్చిందని చెప్పిన రోజు నువ్వు ఎంత పొంగిపోయావో! "నా పనిలోకే వచ్చిందమ్మా నా కూతురు" అని వీధిలో అందరికీ చెప్పావు. నీ లోకంలో సూదంటే మిషన్ సూదే కదా. నేను కాదమ్మా అనబోయాను. కానీ ఆస్పత్రి సూది పేరెత్తితేనే నీ మొహం మారిపోతుంది. మాకు టీకాలు కూడా నాన్నే వేయించుకొచ్చేవాడు, నువ్వు వాకిట్లో నిలబడి చెవులు మూసుకునేదానివి. ఇక నేను చేసేది ఫలానా సూదులని ఏ నోటితో చెప్పను? అందుకని నువ్వు అడిగినప్పుడల్లా మా వీధి చివర కొట్లో పద్నాలుగో నంబరువి కొని, ధర చీటీ గీకేసి పంపాను. అక్కడి టైలర్లు మెచ్చుకున్నది ఆ కొట్టువాడి సరుకు.

మేము చేసేది వెన్నులో మత్తు ఇచ్చే సూదులు. అదిగో, ఉత్తరం పక్కన పెట్టేశావు. ఆ టీ తాగేసి మళ్ళీ తీసుకో. నీకు తెలియని సంగతి కాదులే, నీ భాషలోనే చెబుతాను.

చేరిన కొత్తలో మా పెద్దాయన, అంటే నాకు పని నేర్పిన ఇంజినీరు, భూతద్దం కింద రెండు సూదులు పెట్టి చూడమన్నాడు. ఒకటి పాత రకం. ఏటవాలుగా కోసిన మొన, రెండు పక్కలా పదునైన అంచు. రెండోది పెన్సిల్ చెక్కినట్టు గుండ్రంగా సన్నబడిన మొన, ఎక్కడా అంచు లేదు, మందు బయటికి రావడానికి పక్కన చిన్న కన్నం. "వెన్నులో ఒక పొర ఉంటుంది. అందులో మెదడు చుట్టూ ఉండే నీరే ఉంటుంది. ఆ పొర దారాలు దారాలుగా ఉంటుంది. పాత సూది ఆ దారాల్ని కోసుకుంటూ పోతుంది, ఇది పక్కకి తప్పించుకుంటూ పోతుంది" అన్నాడు. ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు, నాకు మన బనియన్లు గుర్తొచ్చాయి. బడి ఆటల జట్టుకి బనియన్ గుడ్డతో చొక్కాలు కుట్టిచ్చావు గుర్తుందా? ఒక ఉతుకుకే కుట్టు పొడుగునా కన్నాలు పడి అన్నీ వెనక్కి వచ్చాయి. పదును సూది అల్లికని తెంపేసిందని, గుండు మొన సూది మార్చి మొత్తం మళ్ళీ కుట్టావు. "తెగ్గొట్టకుండా సందులోంచి పోవాలే" అన్నావు. మా కంపెనీ చేసే పని అంతా ఆ ఒక్క మాటేనమ్మా. ఈ రెండో రకం మేము కనిపెట్టింది కాదు, ఎప్పటినుంచో ఉన్నదే. దాన్ని ఇంకా సన్నగా, వంగిపోకుండా, చిన్న ఆస్పత్రులు కూడా కొనగలిగేలా చేయడమే మా పాట్లు.

ఆ రోజు పెద్దాయన ఇంకొకటి కూడా చెప్పాడు. "పొరకి పడ్డ కన్నం పెద్దదైతే లోపలి నీరు కారిపోతుంది. మనిషి లేచి కూర్చుంటే తలలో నీరు చాలక లాగుతుంది. అందుకే ఆ తలనొప్పి లేస్తే వస్తుంది, పడుకుంటే పోతుంది." ఏదో బస్సు వేళలు చెబుతున్నట్టు మామూలుగా చెప్పాడమ్మా. నానమ్మ పుట్టకముందే పుస్తకాల్లో రాసి ఉందట. నేను ఇప్పుడే వస్తానని లేచి, బయట కుళాయి దగ్గర నిలబడి మొహం కడుక్కున్నాను. ఎంత కడిగినా తడి ఆగలేదు. నీకు రాద్దామని ఆ తర్వాత చాలాసార్లు కూర్చున్నాను. ఎక్కడ మొదలుపెట్టినా సూది దగ్గరికే వచ్చి ఆగేది.

సూదిని సన్నగా చేయడం మాటలనుకునేవు. మరీ సన్నదైతే వెన్ను దాకా పోకుండా మధ్యలో వంగుతుంది, అందుకని ముందొక పొట్టి సూది గుచ్చి అందులోంచి దీన్ని పంపాలి. పక్క కన్నం పొడుగైతే సగం పొర లోపల, సగం బయట ఉండి మందు ఒలికిపోతుంది, కాళ్ళు సరిగ్గా మొద్దుబారవు. పొట్టిదైతే లోపలి నీటి చుక్క వెనక్కి కనబడటం ఆలస్యమవుతుంది, ఇంకా అందలేదనుకుని డాక్టర్ మరికాస్త తోస్తాడు. పొడుగని ఒక డాక్టర్ వెనక్కి పంపితే, పొట్టిదని ఇంకో డాక్టర్ పంపేవాడు. జాకెట్టు కొలతల దగ్గర నీ బేరాలు ఎలాంటివో మావీ అలాంటివే. గీతలు గీసేది నేను, మొన తీర్చేది సాన బాబాయ్. ఆయన అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలీదు. ఆయన నవ్వితే మీసం ఒకవైపే లేస్తుంది.

ఆయనతో నాకు అయిన గొడవ చెబుతాను. ముప్పై ఏళ్ళు సూదులకి పదును పెట్టిన మనిషిని పిలిచి పదును వద్దంటే ఏమవుతుంది?

"అంటే నన్ను మొండి సూది చేయమంటున్నావా అమ్మాయ్?" అన్నాడు.

"మొండి కాదు బాబాయ్. మొన ఉండాలి, అంచు ఉండకూడదు."

"అంచు లేని మొన ఏం మొన? రేపు పోయాక కూడా నన్ను తిట్టుకుంటారు."

గొణుక్కుంటూనే చేశాడు. మేము ఆ సూదుల్ని పల్చటి పొర మీద గుచ్చి కన్నం ఎలా పడిందో చూస్తాం. గుండ్రంగా పడి ముడుచుకోవాలి. వాటిలో కొన్ని మాత్రం గీత కోసినట్టు పడేవి. నా గీతలు తప్పేమోనని మార్చాను. ఉక్కు తప్పేమోనని వేరేది తెప్పించాం. పెద్దాయన నా మొహం చూడటం మానేశాడు. చివరికి ఒకరోజు బాబాయ్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని చూస్తే ఏముంది! సూది పూర్తి చేసి, పక్కన పెట్టబోయే ముందు, చెయ్యి దానంతటదే మొనని ఒక్కసారి రాయికి తాకించి వస్తోంది. ఆయనకే తెలీదు.

"బాబాయ్, అదేంటి?"

"ఏది?"

"ఇప్పుడు చేసింది."

తన చేతిని తనే కాసేపు చూసుకున్నాడు. "చెయ్యి ఊరుకోవడం లేదమ్మాయ్. పని అయిపోయిందంటే ఒక్క ముద్దు పెట్టాలి దానికి" అన్నాడు. కోప్పడదామని వెళ్ళినదాన్ని, పక్కనే కూర్చుని నవ్వాను. ఆ రోజు నుంచి చివరి మెట్టులో రాయి తీసేసి గుడ్డ పెట్టాం. ఇప్పుడు ఆ ముద్దేదో గుడ్డకి పెడుతున్నాడు.

అక్కడికి సూదుల కథ అయింది. ఇప్పుడు మా కులాసాలో తరుగు సంగతి. మంచం మీద కూర్చుని చదువు, నిలబడి వద్దు.

పోయిన నెల నాకు పొత్తికడుపులో గడ్డ తీశారు. మంచి గడ్డే, పరీక్షకి పంపారు, ఏమీ లేదన్నారు, కుట్లు కూడా మానాయి. నీకు చెబితే ఆ మోకాళ్ళతో బస్సెక్కి వచ్చేస్తావని చెప్పలేదు. చిన్నోడికీ తెలీదు, వాణ్ణి తిట్టకు. తిట్లన్నీ నాకే దాచిపెట్టు.

మత్తు డాక్టర్ నన్ను బల్ల మీద కూర్చోబెట్టి వంగమన్నాడు. నర్సు భుజాలు పట్టుకుంది. పక్క ట్రేలో విప్పిన ప్యాకెట్టు చూస్తే మా కంపెనీదే. ఇన్నేళ్ళు గీతల్లో చూసినదాన్ని వీపు వెనక పెట్టుకుని కూర్చున్నాను. నిజం చెబుతున్నాను, వద్దని లేచిపోదామనిపించింది. నువ్వు గుర్తొచ్చావు. చిన్నోణ్ణి మోస్తూ, ఆ కడుపుతో ఎలా వంగావో, నిన్ను ఎవరు పట్టుకున్నారో, అసలు ఎవరైనా పట్టుకున్నారో లేదో అనుకున్నాను. సూది మాత్రం చీమ కుట్టినంతే. కాళ్ళు వెచ్చగా అయి, బరువెక్కి, నావి కాకుండా పోయాయి. ఆపరేషన్ అయిపోయింది.

ఇంటికి వచ్చాక ఒక పొద్దున తల దువ్వుకుందామని లేచి కూర్చున్నాను. మెడ నుంచి కళ్ళదాకా పట్టి లాగినట్టు నొప్పి. పడుకున్నాను, పోయింది. లేచాను, వచ్చింది. మళ్ళీ పడుకుని నవ్వాను. మీ అల్లుడు హడలిపోయాడు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాను. నొప్పికి కాదు. నువ్వు ఆ నీలం గదిలో నెలంతా భరించింది ఇదా అని. దీంతోనా నువ్వు నాకు మిషన్ నేర్పింది, దీంతోనా గొడుగు కథ చెప్పింది అని.

వందలో ఒకరికో ఇద్దరికో రావచ్చని మేమే కాగితాల్లో రాస్తాం. ఆ ఒక్కరూ నేనే అయ్యాను. సూదిలో లోపమేమైనా ఉందేమోనని అదే విడతలో తయారై మిగిలినవన్నీ తీయించి చూశాం, ఏమీ లేదు. సాన బాబాయ్ మాత్రం రెండు రోజులు వాటినే మళ్ళీ మళ్ళీ భూతద్దం కింద పెట్టి చూసుకున్నాడు.

డాక్టర్‌కి ఫోన్ చేశాను. "లేస్తే తల నొప్పిగా ఉంది, కానీ పడు..." అన్నానో లేదో, "పడుకుంటే పోతోంది, అంతే కదా? తెలుసమ్మా. పడుకో, నీళ్ళు బాగా తాగు, తగ్గకపోతే వచ్చెయ్. నీ రక్తమే కాస్త తీసి అక్కడ వేస్తే కన్నం పూడుకుపోతుంది" అన్నాడు. నా మాట పూర్తి కానివ్వలేదు. అంత తొందరగా నన్ను నమ్మేశాడు. నాకు రక్తం వేసే అవసరం రాలేదు, నాలుగు రోజులకి దానంతటదే పోయింది. నీ అనుమానం నిజమే, పోయిన ఉత్తరం పడుకునే రాశాను.

ఇది నీకు రాయొద్దని మీ అల్లుడు గట్టిగా చెప్పాడు. "అత్తయ్యగారిని ఒప్పించడానికి రాస్తూ ఇది కూడా రాస్తావా? ఇక జన్మలో ఒప్పుకోరు" అన్నాడు. ఆయన అన్నది అబద్ధం కాదు. కొత్త సూదితో ఏమీ కాదు, నాదీ పూచీ అని రాసేస్తే నువ్వు నా మాట మీద వెళ్ళి చేయించుకునేదానివి. కానీ ఈ నొప్పి విషయంలో నీకు ఇప్పటికే చాలామంది చాలా చెప్పారు. నేను కూడా తీపి కబురు చెప్పి, రేపు ఆ వందలో ఒక్కరూ నువ్వే అయితే, మళ్ళీ నీ మీద నీకే అనుమానం వస్తుంది. అది నేను చూడలేను.

కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. చిన్నోడు కనుక్కున్నాడు, అక్కడి ఆస్పత్రిలో వాడేది ఈ కోయని రకమే. వయసు మళ్ళినవాళ్ళకి ఈ తలనొప్పి వచ్చేది ఇంకా తక్కువట, ముసలితనానికీ ఒక లాభం ఉండాలి కదా. అయినా రాదని ఒట్టు వేయలేను. వస్తే ఏం చేయాలో మాత్రం ఇప్పుడు అందరికీ తెలుసు. నిద్రపుచ్చే మత్తు నీ ఊపిరికి అంతకన్నా ప్రమాదం. చేయించుకోకపోతే నీకు ఆ గోడే గతి. బాగా ఆలోచించుకో. వద్దంటే నీ మీద కోపం తెచ్చుకోను, మిషన్ మీద దుప్పటి చూసి ఏడుస్తాను, అంతే.

నువ్వు ఏది చేసినా సరే, ఒక్కటి మాత్రం ముందు తీసి అవతల పారెయ్యమ్మా. అది నీ బద్ధకం కాదు. నీ వెన్నులో పొరకి కన్నం పడింది. లావుపాటి సూదితో పడిన కన్నం. లోపలి నీరు నెలరోజులు కారింది. నువ్వు ఆ కన్నంతో పసిపిల్లాడికి పాలిచ్చావు, నాకు కథలు చెప్పావు, పడుకునే గలీబుల ఆర్డరు పూర్తి చేయించావు. మన ఇంట్లో అంత కష్టపడ్డ మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. నానమ్మ ఉండి ఉంటే తన ముందు కూర్చుని ఇదే చెప్పేదాన్ని. తను పాపం తెలియక అంది. తెలిస్తే నీ కాళ్ళు పట్టుకుని ఏడ్చేది, తర్వాత నన్ను తిట్టేది, ఇంత ఆలస్యంగా చెబుతావా అని.

నేను సెలవు పెట్టేశాను. నువ్వు ఊఁ అన్నా, ఊఁహూఁ అన్నా వస్తున్నాను. ఊఁ అంటే ఆస్పత్రికి నేనూ వస్తాను. నిన్ను బల్ల మీద వంగమన్నప్పుడు నన్ను లోపలికి రానిస్తే భుజాలు నేను పట్టుకుంటాను, రానివ్వకపోతే తలుపు దగ్గరే ఉంటాను. తర్వాత మోకాలి డాక్టర్ లేచి నడవమంటాడు. లేస్తే తల నొప్పిగా ఉందని నువ్వు ఒక్క మాట అను, ఆ పెద్దమనిషిని కూడా ఆగమంటాను. నిజమేనా అని నిన్ను ఎవరూ అడగరు. కోడలికి నేను అన్నీ చెప్పి ఉంచుతాను. పడుకోవాలనిపిస్తే పడుకో అమ్మా. ఎన్నాళ్ళైనా పడుకో. పక్కన నేనుంటాను.

ఇట్లు,
నీ మాట నీకన్నా ముందు నమ్మే
నీ పెద్దది